మంటిలో దిగిన విమానము

హైదరాబాదు నగరమునకు పడమట గండిపేట చెరువును వెనుక విడిచి, మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోయి, అచ్చటినుండి దక్షిణమునకు మరలి షాబాదు చేరు బాటసారికి నేల రంగు మారుట కంటబడక మానదు. మొయినాబాదు దగ్గర గ్రానైటు గుండ్లును, వాని అరుగుదలచే ఏర్పడిన ఎర్రని చల్క నేలలును ఉండగా, ముందునకు పోయినకొలది నల్లరేగడి చేలు ఎదురగును. అసఫ్‌జాహీ ప్రభువుల కాలమున షాబాదు ఒక తాలూకాగా అత్రాఫ్ బల్దా జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లా సర్ఫెఖాసు భూమి, అనగా దివానీ లెక్కలతో నిమిత్తము లేక నేరుగా నిజాము సొంత ఖజానాకు శిస్తు చెల్లించు నేల. ఈ నేలను దున్ని, జొన్నయు కందియు పండించి, కిస్తు వేళకు రూకలు లెక్కపెట్టి యిచ్చిన రైతు, తన రాజ్యము పేరు పెట్టుకొనిన దళమునకు చెందిన యుద్ధవిమాన మొకటి, ఏడువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున మరియొక రైతు చేనిలో దిగబడి, నలువది యొక్క సంవత్సరములు మంటిక్రింద పడియుండునని కలలోనైన తలచి యుండడు. ఆ విమానమును, దానివంటి వానిని, మంటినుండి వెలికి తీయు శాస్త్రమే ఈ అధ్యాయమునకు విషయము.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దె నెక్కెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆయన బ్రిటిషు ప్రభుత్వమునకు చేసిన సాయములలో విమానముల కానుక యొకటి. 1917 నవంబరులో ఏర్పడి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఫ్రాన్సునకు పోయిన 110వ స్క్వాడ్రను తొలి విమానములు ఆయన ఇచ్చినవే. డీహెచ్ 9ఏ అను బాంబరు విమానములతో యుద్ధరంగమునకు వెడలిన మొదటి దళమును అదియే. రెండవ ప్రపంచయుద్ధమున 152వ, 253వ స్క్వాడ్రనులకు కూడ హైదరాబాదు పేరు చేరినది. 152వ దళము తన చిహ్నముగా నిజాము ధరించు దస్తారును పెట్టుకొని, దానిక్రింద ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అను అర్థము వచ్చు బిరుదును వ్రాసికొన్నది. 253వ దళపు చిహ్నము ఇనుప కవచము తొడిగిన పిడికిలిలో భారతీయమైన గండ్రగొడ్డలి. ఈ కానుకల ధనము సర్ఫెఖాసు పద్దునుండి పోయినదా, దివానీ ఖజానానుండి పోయినదా అను విచారణను ఆర్థిక చరిత్రకారులకు వదలెదను. ఏ ఖజానాకైనను అడుగున నున్నది రైతు కట్టిన శిస్తు.

ఆ మొదటి కానుకలో ఒక విమానము నేటికిని నిలిచియున్నది. ఎఫ్ 1010 అను సంఖ్య గల ఆ డీహెచ్ 9ఏ పక్కభాగమున, అది నిజాము ప్రభువు సమర్పించినదను వ్రాత యుండెను. 1918 అక్టోబరు 5వ తేదీన అది జర్మనీలో దిగవలసివచ్చి శత్రువుల చేతికి చిక్కినది. అందలి వైమానికు లిద్దరును బందీలైరి. జర్మనులు దానిని బెర్లినులోని విమాన ప్రదర్శనశాలలో నిలిపిరి. రెండవ యుద్ధపు బాంబులకు జడిసి తూర్పునకు తరలించినప్పుడు అది పోలండు చేరి, క్రకోవు మ్యూజియములో మొండెముగా మిగిలినది. 1977లో ఇంగ్లండు ఒక స్పిట్‌ఫైరు విమానమును పోలండునకు బదులిచ్చి దానిని తిరిగి తెచ్చుకొని, రెక్కలు క్రొత్తగా కట్టించి, లండనులోని హెండను మ్యూజియములో ఉంచినది. కర్రతోను గుడ్డతోను కట్టిన అట్టి విమానము నేలలో కూలి పూడిపోయిన యెడల త్రవ్వువానికి ఇంజనును, తీగలును, మేకులును తప్ప మరేమియు మిగులదు. మన దేశముననే బికనీరు కోటలోని ఏనుగుల శాలలో ఆ తరమునకు చెందిన డీహెచ్ 9 విమానముల అవశేషములు చెదలు తిని పడియుండగా ఇంగ్లండు వారు గుర్తించి కొనిపోయిరి. అందొకటి బాగుచేయబడి డక్స్‌ఫర్డు ప్రదర్శనశాలలో ఉన్నది. నీడలో ఉన్నదే అట్లు శిథిలమైనప్పుడు, తడి మంటిలో ఉన్నదాని మాట చెప్పనేల? విమానములను త్రవ్వు శాస్త్రము అందువలననే ముఖ్యముగా రెండవ యుద్ధపు లోహ విమానముల శాస్త్రమైనది.

1940 ఆగస్టు 29వ తేదీన 253వ దళము స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ నుండి లండను నగరమునకు దక్షిణమున నున్న కెన్లీ స్థావరమునకు దిగివచ్చెను. ఆ దళమువారి విమానములు హరికేనులు. మరునాడు, ఆగస్టు 30న, జర్మను విమానములు గుంపులు గుంపులుగా ఇంగ్లండు ఆగ్నేయమూలనున్న కెంట్ సీమమీదికి రాగా దళము ఎదురేగెను. ఆ ఒక్కనాడే ముగ్గురు వైమానికులు చనిపోయిరి. వారిలో ఒకడు కాలిన్ డన్‌స్టన్ ఫ్రాన్సిస్, పందొమ్మిదేండ్ల వాడు. అతడు నడపిన హరికేను సంఖ్య ఎల్ 1965. ఆ విమానము తిరిగి రాలేదు. ఎక్కడ కూలినదో కనుగొన్నవారును లేకపోగా, అతని పేరు ‘కనబడనివారు’ అను పట్టికలో చేరెను. ఇట్లు సమాధి యెరుగని వైమానికుల పేర్లు ఇరువది వేలకు పైగా థేమ్సు నదివైపు చూచు కొండమీది రన్నీమీడు స్మారకమందు రాళ్లమీద చెక్కబడియున్నవి.

ఇచ్చట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. ఎల్ 1965 నిజాము సొమ్ముతో కొన్న విమానము కాదు. బ్రిటిషు ప్రభుత్వము 1936లో హాకర్ కంపెనీకి ఒక్కసారిగా ఆరువందల హరికేనులకు ఆర్డరు ఇచ్చినప్పుడు తయారైన మొదటి వరుసలోనిది అది. ఎఫ్ 1010 మీద ఉన్నట్టి దానపత్రపు వ్రాత దీనిమీద ఉండవలసిన పనిలేదు. దళమునకున్న పేరు చేతనే అది హైదరాబాదునకు చుట్టమగుచున్నది. దానములను గూర్చి వ్రాయువారు తరచుగా ఈ రెండింటిని కలగాపులగము చేయుదురు. కానుక వేరు, పేరు వేరు.

విమానము భూమిలోనికి ఎట్లు దిగును? ఈ ప్రశ్నకు హైస్కూలు భౌతికశాస్త్రము చాలును. హరికేను సుమారు మూడు టన్నుల బరువు. అది ముక్కు క్రిందికి పెట్టుకొని గంటకు 540 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 150 మీటర్ల చొప్పున నేలను తాకినదనుకొందము. అప్పుడు దాని గతిశక్తి దాదాపు మూడుకోట్ల నలువది లక్షల జౌళ్లు, ఎనిమిది కిలోల టీఎన్‌టీ ప్రేలుడునకు సమానము. అయిదు మీటర్ల లోతున అది ఆగెనేని, ఆగుటకు పట్టిన కాలము సెకనులో పదునైదవ వంతు. ఆ లిప్తలో నేలకును విమానమునకును నడుమ పనిచేసిన సగటు బలము ఏడువందల టన్నుల బరువునకు దగ్గర. ఇంతటి బలమున ఏ భాగము ఎట్లగునో దాని సాంద్రతను బట్టియు నేల మెత్తదనమును బట్టియు నిర్ణయమగును. హరికేను ముక్కులో నున్న మెర్లిన్ ఇంజను పండ్రెండు సిలిండర్లది, ఆరువందల కిలోలకు పైబడిన బరువు. అది విసరిన బల్లెమువలె ముందు దూరుకొనిపోవును. దానివెంట చోదకుని గదియు, అతని వెనుకనున్న ఇనుప కవచపు పలకయు మడతలుపడి దిగును. రెక్కలు తేలికైనవగుటచే పైననే చిట్లి, తుపాకులను మాత్రము మీటరు రెండు మీటర్ల లోతున వదలును. తోక భాగము కర్ర బద్దలమీద గుడ్డ తొడిగినదగుటచే నలిగి గోతి నోటనుండును. పైకెగసిన మన్ను తిరిగి గోతిలో పడి మూసికొనును. గ్రానైటు బండమీద పడిన విమానము ఇట్లు దిగదు, తునకలై చెదరిపోవును. అందువలన మొయినాబాదు గుండ్లమీద పడినదానిని వెదకుటకును, షాబాదు రేగడిలో పడినదానిని వెదకుటకును పద్ధతులు వేరుగా ఉండవలెను.

యుద్ధకాలమున ఇంగ్లండులో కూలిన విమానములను ఏరుకొని పోవుటకే ప్రత్యేక దళము లుండెను. ఆగ్నేయ సీమలో ఆ పని ఫేగేట్ గ్రామమున నున్న 49వ మెయింటెనెన్సు యూనిటుది. అల్యూమినియము కరవుగా నుండుటచే వారు పైనున్న రేకులను, రెక్కల ముక్కలను లారీలకెత్తి కరిగించు కొట్టములకు పంపిరి. లోతునకు దిగిన ఇంజనును త్రవ్వి తీయుటకు 1940 వేసవిలో వారికి తీరికయు లేదు, ఓపికయు లేదు. గోతిని పూడ్చి రైతునకు పొలము అప్పగించి పోయిరి. ఈ తొందరయే మనపాలిటి అదృష్టమని చెప్పుట కఠినముగా తోచును గాని, నిజమునకు నేలలో మిగిలినది ఆ తొందర వలననే మిగిలినది.

అట్టిచోటును మరల కనుగొనుట మొదట కాగితముల పని. దళపు దినచర్య పుస్తకము, విమానము ఏనాడు ఏ స్థావరమునకు మారినదో చెప్పు కార్డు, గాయపడినవారిని మరణించినవారిని గూర్చిన ఫైళ్లు, ఊరి పోలీసు వ్రాసికొన్న చిట్టా, నాడు పిల్లలుగా నుండి పొగను చూచిన ముసలివారి మాట, ఇవన్నియు ఒకదానితో ఒకటి పోల్చి చూడవలెను. ముసలివారి జ్ఞాపకము తేదీలలో తప్పును గాని, ‘ఆ రెండు చెట్ల నడుమ’ అను మాటలో అరుదుగా తప్పును. పిమ్మట భూభౌతికశాస్త్రము వచ్చును. ఇంజనులోని ఉక్కు కడ్డీలు, తుపాకుల గొట్టములు భూమి అయస్కాంత క్షేత్రమును తమచుట్టు కొంచెము వంచును. ఆ వంపును మాగ్నెటోమీటరు పట్టుకొనును. భూమి క్షేత్రము మన హైదరాబాదు దగ్గర నలువది రెండు మూడు వేల నానోటెస్లాలుండగా, పాతుకొనిపోయిన ఇంజను కలిగించు తేడా పదులలోనో వందలలోనో ఉండును. ఆ తేడా దూరపు ఘనమును బట్టి తగ్గును. రెండు మీటర్ల లోతున నున్నప్పుడు కనబడిన తేడా నాలుగు మీటర్ల లోతునకు పోగా ఎనిమిదవ వంతగును. అల్యూమినియమునకు అయస్కాంతగుణము లేదు గనుక రెక్కలను ఈ పరికరము చూడలేదు. వానికి లోహములను విద్యుత్ప్రేరణచే కనుగొను యంత్రము వేరుగా కావలెను.

మన ప్రాంతమున ఈ విద్య ఇంకను చిక్కు. చేవెళ్ల నుండి పడమటగా దక్కను లావా రాతి అంచు వచ్చును. ఆ బసాల్టు రాతిలో మాగ్నెటైటు కలసియుండుట చేత నేలయే స్వయముగా అయస్కాంతపు రొద చేయుచుండును, ఆ రొదలో ఒక ఇంజను పలుకు వినబడుట కష్టము. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి ఈ రొదనే చదువుటలో ఆరితేరినది. వారి దృష్టి ఖనిజములమీదను భూగర్భజలములమీదను ఉండుట న్యాయమే. రేగడికి మరియొక గుణము గలదు. అందలి మెత్తని బంక నీరు త్రాగి ఉబ్బును, ఎండకు బిగిసి నెర్రెలు విచ్చును. వేసవిలో ఆ నెర్రెలలో చేయి పట్టును. పైమన్ను వానిలో రాలిపడి, వానలకు అడుగుమన్ను పైకి పొంగి, నేల తన్నుతానే దున్నుకొనుచుండును. చిన్న తునక యేదియు అట్టి నేలలో పడినచోట ఉండదు. కనుక షాబాదు చేనిలో ఒక మీటరు లోతున దొరకిన మరమేకు మొదటినుండి అచ్చటనే ఉన్నదని ప్రమాణము చేయువాడు సాహసికుడు.

త్రవ్వకమును గూర్చి నాకొక పక్షపాతము గలదు, దానిని దాచను. 1970, 80 దశకములలో ఇంగ్లండులో ఔత్సాహికులు జేసీబీ యంత్రములతో ఒక్క శనివారమున గోతిని త్రవ్వి, ఇంజనును గొలుసుతో లాగి, నీటితో కడిగి ఫొటో తీయించుకొని సాయంకాలమునకు ఇంటికి పోయిన సందర్భములు అనేకములు. వారి ఉత్సాహము లేనియెడల ఎన్నో చోట్లు తెలిసెడివే కావు. వారి తొందరచే ఎన్నో చోట్లు చదువకయే చింపబడినవి. సరియైన పద్ధతి వేరు. పొలమును గళ్లుగా విభజించి, మొదట దున్నిన పైపొరను తీసి, దానిక్రింద రంగు మారిన వలయమును, అనగా విమానము దిగినప్పటి గోతి అంచును, గుర్తింపవలెను. ఒకసారి చెదరిన మన్ను వందేండ్లకైనను చెదరని మంటితో ఏకము కాదు. ఆ వలయపు ఆకారమే విమానము ఏ కోణమున, ఏ దిక్కునుండి వచ్చినదో చెప్పును. రెక్కలు తాకిన చోట రెండు పక్కల పలుచని చారలు కూడ కనబడుట గలదు. ప్రతి పొరనుండి తీసిన మంటిని ఆరు మిల్లీమీటర్ల కన్నుగల జల్లెడలో పోసి జల్లింపవలెను. ఆ జల్లెడలో నిలుచునవి బొత్తాములు, పళ్లు, గడియారపు చక్రములు, తూటా తొడుగులు.

లోతునకు పోయినకొలది నేల వేరొక లోకమగును. రెండు మూడు మీటర్ల క్రింద బంకమట్టి నీలి బూడిద రంగునకు మారి, నలువదేండ్ల తరువాతను పెట్రోలు కంపు, ఇంజను నూనె కంపు గుప్పున కొట్టుట ఈ పని చేసిన వారందరు చెప్పు అనుభవము. కారణము ప్రాణవాయువు లేమి. బిగువైన తడిబంకలో గాలి చొరదు. ఉన్న కొద్ది ప్రాణవాయువును నూనెను తిను సూక్ష్మజీవులు వాడుకొనును. ఆపైన నూనె కుళ్లుట దాదాపుగా ఆగిపోవును. ఇనుము తుప్పుపట్టుటకును ప్రాణవాయువు కావలసినదే గనుక, ఉక్కు గొట్టము ఫ్యాక్టరీలో పెట్టిన రంగుతోనే బయటపడుట వింతగాదు. తోలు టోపీ, పారాషూటు పట్టు, మడచిన పటము, చెక్క పంఖా ముక్క, ఇవియు ఇట్లే దక్కును. ఒక్కొక్కచోట ఇనుమును, ఎముకలలోని భాస్వరమును కలసి వివియనైటు అను ఖనిజమై ఏర్పడును. మంటిలో నున్నంతకాలము అది తెల్లగా నుండి, గాలి తగులగనే త్రవ్వువాని కన్నులయెదుటనే నీలమగును. నీలము కనబడినచోట పార దించి, చేతికి చిన్న తాపీ తీసికొనవలెనని అనుభవజ్ఞులకు తెలియును.

అల్యూమినియము కథ ఇంత సులభము కాదు. శుద్ధమైన అల్యూమినియముమీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి దానిని కాపాడును. ఆ పొర మరీ పులుపు, మరీ క్షారము కాని మంటిలో నిలుచును, సుద్దనేలవంటి క్షారము హెచ్చిన చోట్ల కరగును. కాని విమానములకు వాడినది శుద్ధ అల్యూమినియము కాదు. నూటికి నాలుగు పాళ్లు రాగి కలిపిన డ్యూరాలుమిను. బలమునిచ్చు ఆ రాగియే దానికి శత్రువు. లోహపు రేణువుల అంచులలో రాగి పోగైనచోట తేమ చేరి, లోహము తన్నుతానే చిన్న విద్యుత్ ఘటముగా మార్చుకొని తినివేసికొనును. చివరకు రేకు పొరలు పొరలుగా విచ్చి, ముట్టుకొనగనే బూడిదవలె రాలును. ఉక్కు మరమేకు అల్యూమినియము రేకును తాకినచోట ఈ పని ఇంకను చురుకుగా జరిగి, మేకు నిలిచి రేకు పోవును. చక్రములకు వాడిన మెగ్నీషియము మిశ్రమము అన్నింటికంటె ముందుగా లొంగి తెల్లని పిండి మాత్రము మిగిల్చును. హరికేను నిర్మాణమును ఎరిగినవానికి ఇందొక చిత్రము గలదు. దానికంటె నవీనమైన స్పిట్‌ఫైరు రేకు పెంకుగా కట్టినది; హరికేను పాతపద్ధతిలో ఉక్కు గొట్టములను, అల్యూమినియము గొట్టములను మరమేకులతో బిగించి, కర్ర బద్దలు కట్టి, గుడ్డ తొడిగినది. గాలిలో వెనుకబడిన ఆ నిర్మాణమునందలి ఉక్కు గొట్టములు మంటిలో మాత్రము పలుచని రేకుపెంకుకంటె చక్కగా నిలిచినవి.

బయటపడిన వస్తువునకు అపాయము అప్పుడే మొదలగును. నలువదేండ్లు గాలి లేక బ్రతికినది నాలుగు గంటల గాలికి నశించును. తడివస్తువును తడిగానే ఉంచి ప్రయోగశాలకు పంపవలెను. లవణములను నెమ్మదిగా నీటిలో వదలించి, ఉక్కునకు టానిను ద్రావణమును, తోలునకు కర్రకు పాలిథిలీన్ గ్లైకాలు అను మైనమువంటి పదార్థమును పట్టింపవలెను. త్రవ్వువానికిని అపాయములు గలవు. హరికేను ఎనిమిది బ్రౌనింగు తుపాకులలో ఒక్కొక్కదానికి మూడువందలకు పైగా తూటాలు. వానిలో నిప్పంటించునవి కూడ నుండును. చీకటిలో కనబడుటకై గడియారముల ముఖములకు పూసిన రేడియము రంగు వెలుగు పోయి చాలాకాలమైనను కిరణములు పోలేదు, ఆ రేడియము అర్ధాయువు 1,600 సంవత్సరములు.

దొరకినది ఏ విమానమో తేల్చుట ఎట్లు? పై తోకమీది సంఖ్య దొరకుట అరుదు. నమ్మదగినవి లోపలి ముద్రలు. స్పిట్‌ఫైరు మొదటి రకపు భాగములపై 300 అను అంకెతో మొదలగు సంఖ్య ఉండును. 152వ హైదరాబాదు దళము డార్సెట్ సీమలోని వార్మ్‌వెల్ స్థావరము నుండి నడపినవి ఆ రకపువే గనుక, ఆ ప్రాంతమున దొరకిన తునకలను సరిచూచుటకు ఈ అంకె మొదటి ఆధారము. ఇంజను సంఖ్య, తుపాకుల సంఖ్యలు, తయారీదారు పలక, ఇవి కాగితములలోని విమానపు సంఖ్యతో కలియవలెను. మన్ను, లోహము, కాగితము, ఈ మూడును ఒక్కమాట చెప్పినప్పుడే గుర్తింపు నిశ్చయము. రెండు చెప్పి మూడవది మౌనముగా నున్నయెడల, అనుమానమని వ్రాసి ఊరకుండుట శాస్త్రజ్ఞుని లక్షణము. పత్రికలకు అది రుచింపదు.

1981 ఆగస్టులో కెంట్ సీమలోని రోతమ్ గ్రామము దగ్గర ఒక పొలములో త్రవ్వగా ఎల్ 1965 బయటపడెను. ఫ్రాన్సిస్ తన గదిలోనే ఉండెను. ఎందుచేత దూకలేదో ఆ ఎముకలు చెప్పవు. తుపాకి దెబ్బ తగిలి స్పృహ తప్పి యుండవచ్చును, వేగమునకు పైకప్పు తెరువబడక యుండవచ్చును. హరికేను చోదకుని యెదుట నున్న పెట్రోలు తొట్టియు, రెక్కల మొదట నున్న తొట్లును అంటుకొనిన యెడల గది నిమిషములో కొలిమి యగును. ఆ మరునాడు, ఆగస్టు 31న, అదే దళపు నాయకుడు టామ్ గ్లీవ్ అట్టి మంటలనుండియే దూకి ఒళ్లంతయు కాలి బ్రతికెను. కాలిన చర్మమును మరల కట్టు శస్త్రచికిత్సను ఆర్చిబాల్డ్ మెకిండో అభివృద్ధి చేసినది ఇట్టివారిమీదనే. దూకినవాడు వైద్యశాస్త్రపు చరిత్రలో చేరెను, దూకనివాడు పట్టికలో పేరయ్యెను. నలువది యొక్క సంవత్సరముల తరువాత ఫ్రాన్సిస్‌ను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానమున ఖననము చేసిరి.

ఆ త్రవ్వకము నాటికి ఇంగ్లండులో ఇందుకు ప్రత్యేక శాసనము లేదు. 1986లో సైనికావశేషముల రక్షణ శాసనము వచ్చినది. దాని ప్రకారము సైనిక విమానము కూలిన ఏ చోటనైనను రక్షణశాఖ లైసెన్సు లేక త్రవ్వుట నేరము. మనుష్యుల అవశేషములు గాని, పేలని మందుగుండు గాని ఉండునని తోచినచోట అనుమతి సామాన్యముగా దొరకదు. శాసనము మంచిదే. అయితే దానిని ఐదేండ్లు ముందుగా చేసియుండినచో ఫ్రాన్సిస్ నేటికిని రోతమ్ పొలములోనే ఉండెడివాడేమో. ఈ చిక్కుప్రశ్నకు సమాధానము చెప్పుట నాకు చేతగాదు, చెప్పినవారిని చూడను లేదు.

మన దేశముననే ఇట్టి శాస్త్రీయ త్రవ్వకము ఒకటి జరిగినది. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుండి అస్సాములోని చబువాకు హిమాలయములమీదుగా వచ్చుచున్న అమెరికను బీ 24 బాంబరు ఒకటి, ఎనమండుగురితో, అరుణాచలప్రదేశములోని దమ్రో గ్రామపు కొండలలో కూలెను. 2006లో ఆ శకలములను ఒక అమెరికను అన్వేషకుడు ఆదివాసుల సాయముతో గుర్తించెను. కనబడని తమ సైనికులను వెదకు అమెరికా ప్రభుత్వ సంస్థ తొమ్మిదేండ్ల తరువాత నిపుణులను పంపినది; నిట్టనిలువు వాలుమీద తాళ్లు కట్టుకొని, గళ్లు గీసి, మంటిని జల్లెడ పట్టి, దొరకిన అవశేషములను 2016 ఏప్రిలులో ఢిల్లీ నుండి స్వదేశమునకు గౌరవముతో తీసికొనిపోయిరి. రోతమ్ బంకమట్టిలో విమానము ఒక్క గోతిలో నుండెను. దమ్రో వాలుమీద డెబ్బదికి పైగా వర్షాకాలములలో కొట్టుకొనిపోయిన తునకలు ఎంత మేర పరచుకొన్నవో ముందే తేల్చుకొనుట అచ్చటి మొదటి సమస్య. చిన్న ఎముక ముక్కనుండి మాతృవంశపు డీఎన్ఏను తీసి బ్రతికియున్న బంధువుల డీఎన్ఏతో పోల్చుట నేడు అలవాటైన పద్ధతి. 1981లో అట్టి పరీక్ష లేదు. నేడు మన హైదరాబాదులోనే ఆ విద్యకు నిలయములైన ప్రయోగశాలలు గలవు.

తెలుగుదేశమునకు ఆ యుద్ధము దూరపు వార్త కాదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి; హైదరాబాదు బేగంపేటలో యుద్ధకాలమున వైమానికులకు తొలి పాఠములు చెప్పు శిక్షణశాల నడచినది. కనుక షాబాదు, చేవెళ్ల, మొయినాబాదు రైతులకును, బోరుబావులు వేయించు వారికిని, ఇటీవల పొలములు కొని పునాదులు తీయించుచున్న నగరవాసులకును ఒక మనవి. నాగటికో, పొక్లెయినుకో తెల్లని తేలికైన రేకు, వరుసగా రివెట్లు కొట్టినది, లేదా అంకెలు ముద్రించిన పలక తగిలిన యెడల దానిని పాత ఇనుప సామానువానికి తూచి అమ్మకుడు, కడుగకుడు. ఉన్నచోటనే ఉంచి, ఫొటో తీసి, లోతు కొలిచి, తహసీల్దారునకు తెలుపుడు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దాగిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినవాడు కలెక్టరునకు తెలియజేయుట విధి. తూటావంటిది కనబడిన యెడల తాకక, పిల్లలను దూరముగా నుంచి, ముందుగా పోలీసువారిని పిలువుడు.